కొలిచి ఇచ్చిన తీరిక

"సమయం వృథా చేయుట" అనే మాటను మొదట ఎవరు పుట్టించారో నాకు తెలియదు గాని, దాన్ని వాడినవాళ్ళను మాత్రం జీవితమంతా గమనిస్తూ వచ్చాను. తన సమయం గురించి ఆ మాట అన్నవాడు నాకు చాలా అరుదుగా తగిలాడు. ఎప్పుడూ ఎదుటివాడి సమయం గురించే. అదీ, ఎదుటివాడి సమయం తన జేబులో పడవలసిన సొత్తని లోలోపల నమ్మినవాడే ఆ మాట అంటాడు.

ఆ మాట అచ్చయిన కాగితం ఒకటి నా దగ్గర ఉంది. గొడుగుల ఫ్యాక్టరీవాళ్ళు ఒక పెద్దావిడకు ఇచ్చిన తొలగింపు ఉత్తరం అది. ఇంటి పన్ను రసీదుల కింద, మా నాన్నగారి వైద్యం కాగితాల పైన, ఇనప్పెట్టెలో దాని చోటు దానికి ఉంది. చెదలు పట్టకముందే పారేయమని ఇంట్లో చాలాసార్లు అన్నారు. పారేయను. ఆ ఉత్తరానికి జవాబు చెప్పిన మనిషి మా ఇంట్లోనే ఉంది. ఆమె జవాబు కాగితం మీద రాసింది కాదు కాబట్టి, ఆ పని నేను చేస్తున్నాను.

ఆమె మా తమ్ముడి భార్య. ఫ్యాక్టరీలో ఆమెను మెరుపు అనేవారు. ఇక్కడా అలాగే పిలుస్తాను.

మెరుపు పుట్టింట్లో సంసారం పెద్దది, ఇల్లు చిన్నది. వాళ్ళమ్మ ఆమెను కూర్చోనిచ్చేది కాదు. కూర్చున్న పిల్ల కంటపడితే చాలు, బిందో, చీపురో, ఏడుస్తున్న చంటిపిల్లో ఆమె చేతుల్లోకి వచ్చి పడేది. అలా పెరిగిన పిల్ల మా ఇంటికి కోడలై వచ్చింది. మా అమ్మ మంచం మీద నుంచి చూస్తూ, "కాసేపు కుదురుగా కూర్చోవే తల్లీ, నిన్ను చూస్తుంటే నాకు ఆయాసం వస్తోంది" అంటే, అత్తగారి మాట కాదనలేక కూర్చునేది. కూర్చుని, పక్కనున్న చొక్కా అందుకుని ఊడని గుండీని కూడా బిగించి కుట్టేది. చేతులు ఖాళీగా ఉంటే ఆమెకు ఏదో దొంగతనం చేస్తూ పట్టుబడినట్టుండేది. ఈ మాట ఆమే నాతో అన్నది.

మా తమ్ముడు లారీలకు రంగులు వేసేవాడు. ఒక్కడి సంపాదనతో సంసారం ఈదలేక, మెరుపు గొడుగుల ఫ్యాక్టరీలో చేరింది.

ఆ ఫ్యాక్టరీలో ఆడవాళ్ళు పనిచేసే గది పొడుగాటిది. ఒక పక్కంతా కిటికీలు, కిటికీల అవతల సన్నటి సందు. కిటికీల వెంబడి పొడుగాటి బల్ల, బల్ల ముందు ముక్కాలి పీటలు. గది చివర గాజు తలుపుల ఆఫీసు. కొత్త గుడ్డ గంజివాసన, ఊచలకు పూసిన నూనె వాసన కలిసి, ఇంటికి వచ్చాక కూడా వాళ్ళ జుట్టు వదిలేది కాదు. మెరుపు పని ముడులు వేయడం. గొడుగు తెరిచి, తలకిందులు చేసి ఒళ్ళో పెట్టుకుని, ప్రతి ఊచకూ నడుమనున్న కీలు దగ్గర గుడ్డను సూదితో, దారంతో కట్టాలి. ముడి వదులైతే గాలికి గుడ్డ జారిపోతుంది. బిగిసిపోతే చిరుగుతుంది.

ఆ బల్లకు పెద్ద దిక్కు పెద్దక్క. వయసులోనూ పెద్దదే, నోటిలోనూ పెద్దదే. ఆమె చేతులు ముడులు వేస్తూనే ఉండేవి, నోరు కథ చెబుతూనే ఉండేది. ఆ కథ ఒక్కటే: వాళ్ళత్తగారికీ ఒక కోడికీ జరిగిన యుద్ధం. అత్తగారు కోడిని తట్ట కింద మూయడం, కోడి అత్తగారి ముక్కుపొడి డబ్బా తన్నేయడం, ఇలా రోజుకొక ఘట్టం. ఎన్నేళ్ళయినా కోడి చచ్చేది కాదు, అత్తగారు ఓడేది కాదు. మధ్యాహ్నం ఎండ బల్ల మీదికి వచ్చే వేళకు అందరూ సూదులు గుచ్చిపెట్టి, కిటికీల దగ్గర నిలబడి నడుములు చాపుకునేవారు. దాన్ని అప్పట్లో ఎవరూ ఏమీ అనేవారు కారు, ఎందుకంటే దానికి ఇంకా పేరు పెట్టలేదు.

పేరు పెట్టడానికి ఒకాయన వచ్చాడు.

యజమాని ఎక్కడి నుంచో పిలిపించిన అధికారి ఆయన. చదువుకున్నవాడు, నున్నగా మాట్లాడేవాడు. మెడలో తాడుకు కట్టిన గడియారం ఒకటి వేలాడుతుండేది. మీట నొక్కితే నడుస్తుంది, నొక్కితే ఆగుతుంది. వచ్చిన రోజే ఆడవాళ్ళు ఆయనకు టిక్కుటిక్కు అని పేరు పెట్టేశారు. ఆయన గదంతా తిరిగి, కిటికీల దగ్గర నిలబడ్డవాళ్ళను చూసి, పక్కనున్న గుమాస్తాతో "టైం వేస్ట్" అన్నాడు. పెద్దక్క కథ వినబడేసరికి మళ్ళీ "టైం వేస్ట్" అన్నాడు. దాహం వేసి కుండ దగ్గరికి వెళ్ళిన చిలకను చూసి కూడా అదే మాట. చిలక అంటే ఆ బల్లకు చిన్నది, కడుపులో మాట దాచుకోలేనిది. అది నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, "ఈయన పుట్టినప్పుడు వాళ్ళమ్మ నొప్పులు పడ్డది కూడా టైం వేస్టేనేమో" అన్నది. బల్లంతా నవ్వింది. ఆ నవ్వుకు ఆయన ముఖం ఎర్రబడిందట.

ఒక్కొక్క గొడుగుకు ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి కొలుస్తామని, దాన్ని బట్టి రోజు కోటా నిర్ణయిస్తామని నోటీసు అంటించారు. దాని నకలు నా దగ్గర ఉంది. కొలతకు ముందురోజు సాయంత్రం గేటు బయట పెద్దక్క అందరినీ పోగుచేసింది.

"ఒసేయ్, రేపు ఎవరి ముందు గడియారం పట్టుకుని నిలబడినా సరే, చేతులు మెల్లగా ఆడించండి. రేపటి పరుగు ఎల్లుండి నుంచి రోజూ పరిగెత్తాలి. అర్థమైందా?"

"అర్థమైంది పెద్దక్కా" అన్నారు అందరూ. మెరుపు కూడా అన్నది.

మర్నాడు టిక్కుటిక్కు మెరుపు ముందే నిలబడ్డాడు. ఆమె మెల్లగానే మొదలుపెట్టింది. రెండు ముడులు వేసిందో లేదో, ఆయన గడియారం ఆపి, గుమాస్తా వైపు తిరిగి, ఆమెకు వినబడేటట్టే అన్నాడు:

"ఈవిడనేనా మెరుపు అంటారు? పక్క ఊరి ఫ్యాక్టరీలో కళ్ళజోడు పెట్టుకున్న ముసలమ్మలు ఇంతకంటే చురుకు."

అంతే. అది ఎరని తెలుసుకునేంత వ్యవధి కూడా ఆమెకు దొరకలేదు. తల్లి నోట పుట్టినప్పటి నుంచి వింటున్న మాటే అది, పరాయి నోట మళ్ళీ వినబడింది. చేతులు వాటంతట అవే లేచాయి. సూది ఎక్కడ దిగిందో, ఎక్కడ తేలిందో చూసేవాళ్ళ కంటికి అందలేదట. గొడుగు పూర్తిచేసి, టకీమని మూసి బల్ల మీద పెట్టింది. ఆయన గడియారం చూసుకుని "భేష్" అన్నాడు. ఆ భేష్‌కు ఆమె సిగ్గుపడుతూ నవ్వింది. తలెత్తి చూసేసరికి, ఎదుట పెద్దక్క నవ్వడం లేదు.

మెరుపు చేతిని కొలిచి, ఆ కొలతతో అందరికీ కోటా కట్టారు. ఆ కోటాతో పాటు మరి రెండు ఉత్తర్వులు వచ్చాయి. గుడ్డ, ఊచలు ఏ రోజుకారోజు కోటాకు సరిపడా మాత్రమే స్టోరు నుంచి ఇవ్వాలన్నది ఒకటి. సరుకు వృథా కాకూడదట. సైరన్ మోగేదాకా గేటు తెరవకూడదు, పీట వదలకూడదన్నది రెండోది. సమయం వృథా కాకూడదట. రెండింటి కిందా టిక్కుటిక్కు సంతకం ఉంది. ఈ రెండు ఉత్తర్వులనూ చదువరులు దయచేసి గుర్తుపెట్టుకోవాలి, నేను పెట్టుకున్నట్టే.

కిటికీలకు మేకులు కొట్టించాడు. గాలికి దారాలు ఎగురుతున్నాయనేది ఆయన చెప్పిన కారణం. కోడి కథ ఆగిపోయింది. మధ్యాహ్నం అన్నం ఒక చేత్తో తిని, రెండో చేత్తో దారం ఎక్కించుకునే రోజులొచ్చాయి. మెరుపు ఒక్కతే కోటా అందుకోగలిగేది. మిగతావాళ్ళు వేళ్ళు చీరుకుపోయేటట్టు పనిచేసినా సాయంత్రానికి వెనకబడేవారు.

"మెరుపు మెరిసింది, పిడుగు మన నెత్తిన పడింది" అన్నది చిలక. ఆ మాట బల్లంతా పట్టుకుంది. మెరుపు పక్కన పీట ఖాళీ అయింది. ఆమె గిన్నె మూత తీస్తే అందరూ అటు తిరిగి కూర్చునేవారు. ఆమె ఇంటికి వచ్చి ఏమీ చెప్పేది కాదు. మా తమ్ముడు "ఏమైందే?" అని అడిగితే "ఏం కాలేదు, తలనొప్పి" అనేది. ఆ తలనొప్పి నెలల తరబడి తగ్గలేదు.

పెద్దక్క వేళ్ళు కీళ్ళ దగ్గర వాచి ఉండేవి. నిదానంగా వేస్తే ఆమె ముడికి తిరుగులేదు. వేగంగా మాత్రం వేయలేదు. మొదట హెచ్చరిక వచ్చింది. తర్వాత నేను ముందు చెప్పిన ఉత్తరం వచ్చింది. ఆ ఫ్యాక్టరీలో తొలి గొడుగుకు ముడివేసిన మనిషిని "పనివేళల్లో అలవాటుగా సమయం వృథా చేయుట" అనే కారణంతో ఇంటికి పంపేశారు. ఆవిడ ఆ ఉత్తరం చదివించుకోవడానికి నా దగ్గరికే వచ్చింది. నేను చదివి అర్థం చెప్పాను. ఆవిడ, "అయితే ఇన్నాళ్ళూ నేను చేసింది అదన్నమాట" అన్నది. ఉత్తరం తీసుకోకుండానే వెళ్ళిపోయింది. అందుకే అది నా దగ్గర ఉండిపోయింది.

ఆ సాయంత్రమే మెరుపు పెద్దక్క ఇంటికి వెళ్ళింది. పెద్దక్క తలుపు తీసింది, లోపలికి రమ్మనలేదు. గడప అవతల నిలబెట్టే మంచినీళ్ళ గ్లాసు ఇచ్చింది.

"పెద్దక్కా, తప్పయిపోయింది."

"నీ చేతులు నువ్వు అమ్ముకుంటే నేనేమీ అనేదాన్ని కాదే. మా చేతులు కూడా కలిపి అమ్మేశావు. నీళ్ళు తాగి వెళ్ళు."

"నన్నేం చెయ్యమంటావు?"

"నువ్వు చేసినంత వేగంగా ఇంకెవరూ ఏమీ చెయ్యలేరు గాని, ఇక వెళ్ళవే తల్లీ."

ఇంటికి వచ్చి మెట్ల మీద కూర్చుంది. ఆమె అలా చేతుల్లో ఏమీ లేకుండా కూర్చోవడం నేను చూడడం అదే మొదటిసారి. నేను వెళ్ళి పక్కన నిలబడితే, ఏడుస్తుందనుకున్న మనిషి ఏడవలేదు. కళ్ళు పొడిగా, వేడిగా ఉన్నాయి.

"బావగారూ, ఆ గడియారంతోనే వాడి గొంతు బిగించాలి."

"తప్పమ్మా, జైలుకు పోతావు" అన్నాను.

"తాడుతో కాదు. గడియారంతో అన్నాను."

నాకు అప్పుడు అర్థం కాలేదు. ఆమె ఎదురుచూసిన అవకాశం మరుసటి ఏడు వచ్చింది. యజమాని పాత గుడ్డ మాని, దళసరి గుడ్డ తెప్పించాడు. ఊచలు కూడా కొత్త రకం. కాబట్టి మళ్ళీ కొలవాలి. ఈసారి కూడా టిక్కుటిక్కు మెరుపునే ఎంచుకుంటాడని ఆమెకు తెలుసు. ఎంచుకోవాలనే ఆ ఏడాదంతా ఆమె అందరికంటే ముందు కోటా ముగించింది, ఆయన కనబడితే లేచి నిలబడింది, ఆయన భేష్ అంటే తల వంచింది. పక్కవాళ్ళు ఉమ్మేసినంత పనిచేసినా నోరెత్తలేదు. అసలు మాట ఒక్కరికి చెప్పినా చిలక చెవిన పడుతుంది. చిలక చెవిన పడితే ఊరంతా తెలుస్తుంది. అందుకని ఆ ద్వేషాన్ని అంతటినీ ఒక్కతే మోసింది. ప్రతీకారానికి అంత ఓపిక అవసరమని నేను పుస్తకాల్లో చదివాను గాని, మా ఇంటి మెట్ల మీద చూస్తాననుకోలేదు.

కొలత రోజు ప్రకటించినప్పటి నుంచి, ఆదివారాలు నా పాత గొడుగు ఒళ్ళో పెట్టుకుని ఆమె నిదానం నేర్చుకుంది. నవ్వుకోవలసిన పని కాదిది. వేగంగా చేసేవాడికి చేతులు చాలు; నిదానంగా చేస్తూ బద్ధకంగా కనబడకుండా ఉండాలంటే ఒళ్ళంతా కావాలి. మొదట్లో రెండు ముడులు మెల్లగా వేసి, మూడోది మరిచిపోయి టకీమని వేసేసేది.

"మళ్ళీ ఉరికావమ్మా" అనేవాణ్ణి, చేతి గడియారం చూస్తూ.

"చచ్చిన చేతులు, మాట వినవు బావగారూ!" అని తన చేతి మీద తానే కొట్టుకునేది.

మా తమ్ముడు పని నుంచి వచ్చి ఈ తంతు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. "అన్నయ్యా, దీనికి పిచ్చిపట్టిందా, నీకు పట్టిందా?"

"నువ్వు కాళ్ళు కడుక్కుని రా, నీకు కూడా పడుతుంది" అన్నది మెరుపు.

క్రమంగా పనిలోకి కొత్త కదలికలు తెచ్చుకుంది. ముడి వేసేముందు గుడ్డను బొటనవేలితో సవరించడం. కీలుకు నూనె అంటిందేమోనని వేలితో తుడవడం. సూదిని వెలుతురుకు పెట్టి చూడడం. వేసిన ముడిని మెత్తగా లాగి, చెవి దగ్గర పెట్టి గుడ్డ పిగులుతున్న చప్పుడేమైనా వస్తుందేమో వినడం. ఈ వినడమనేది ఆమె సొంత కల్పన. దానికి అర్థం లేదు. కాని ఆమె వింటున్నప్పుడు చూస్తే, వినకపోతే గొడుగే లేదనిపించేది. ముఖ్యంగా, ప్రతిసారీ అంతే సమయం పట్టాలి. ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ పడితే నటన అని పట్టేస్తాడు. చివరి ఆదివారం అదే గొడుగు ముడులు విప్పి మళ్ళీ మళ్ళీ కట్టినా, ప్రతిసారీ ఒకే నిదానంతో ముగిసింది. అప్పుడు నవ్వింది. ఆ నవ్వు చూసి, టిక్కుటిక్కు మీద నాకు ఒక్క క్షణం జాలి కలగవలసింది. కలగలేదు.

కొలత రోజు యజమాని కూడా వచ్చి కుర్చీ వేసుకుని కూర్చున్నాడట. తర్వాత జరిగింది మెరుపు ఒకలా, చిలక ఒకలా చెప్పారు. రెండూ కలిసినంత మేరకే రాస్తున్నాను.

"మా దగ్గర అందరికంటే చురుకైన మనిషి సార్" అని టిక్కుటిక్కు యజమానికి ఆమెను పరిచయం చేశాడు. ఆమె వైపు తిరిగి, "ఊఁ, కానివ్వమ్మా" అన్నాడు.

మీట నొక్కాడు. మెరుపు గుడ్డ సవరించింది. కీలు తుడిచింది. సూదిని వెలుతురుకు పెట్టింది. ముడి వేసింది. చెవి దగ్గర పెట్టుకుని విన్నది. రెండో ఊచకు వెళ్ళింది.

టిక్కుటిక్కు గడియారాన్ని ఒకసారి చెవి దగ్గర పెట్టుకుని చూశాడు, నడుస్తోందో లేదోనని.

"ఏమైంది మెరుపూ? ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది సార్. గుడ్డ దళసరి కదా, లాగితే కుట్టు దగ్గర పిగులుతోంది. మీరు కొలుస్తున్నారని తొందరపడి చించేస్తే సరుకు వృథా కదండీ."

సరుకు వృథా అనే మాటకు యజమాని తల ఊపాడు. "నిజమే. చించొద్దు."

టిక్కుటిక్కు మళ్ళీ కొలిచాడు. అంతే పట్టింది. మూడోసారీ అంతే. బల్ల మీద మిగతా సూదులన్నీ ఆగిపోయాయి. ఇన్నాళ్ళూ వీపు తిప్పి కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే ఇటు తిరిగారు. చిలకకు నవ్వు పొంగుకొచ్చి, దాన్ని దగ్గుగా మార్చి, ఆ దగ్గు ఆపలేక బల్ల కిందికి వంగింది.

అప్పుడు టిక్కుటిక్కు పాత ఎర బయటికి తీశాడు.

"పక్క ఊరి ఫ్యాక్టరీలో ఇదే గుడ్డ. ముసలమ్మలు నీకంటే చురుగ్గా చేస్తున్నారు. సిగ్గుగా లేదూ?"

మెరుపు నాతో చెప్పింది: ఆ మాటకు ఆమె వేళ్ళు నిజంగానే లేచాయట. సూది గుడ్డలో సగం దిగి ఉంది. ఇంకొక్క లిప్త అలాగే వదిలేస్తే చేతులు పరిగెత్తేవి, అంతా పోయేది. అప్పుడు ఆమెకు గడప అవతల నిలబడి తాగిన మంచినీళ్ళు గుర్తుకొచ్చాయి. సూదిని మెల్లగా బయటికి తీసి, మళ్ళీ వెలుతురుకు పెట్టింది.

"మా దగ్గర కూడా ఒక ముసలమ్మ ఉండేది సార్. పంపించేశారు కదా. ఆ ఊరివాళ్ళనే పిలిపించండి, చూసి నేర్చుకుంటాం."

యజమాని లేచాడు. "ఈవిడకే ఇంత పడితే మిగతావాళ్ళ సంగతేమిటయ్యా? అనవసరంగా సరుకు చింపించకు. సరిపడా కోటా రాసెయ్యి." వెళ్ళిపోయాడు. టిక్కుటిక్కు రాశాడు. సంతకం పెట్టాడు. ఆ కాగితం కార్బను నకలు కూడా నా దగ్గర ఉంది. అన్నింటిలోకీ నాకు ఇష్టమైన సంతకం అదే. పాళీ ఒత్తుకు కాగితం చిరిగినంత పనైంది.

కొత్త కోటా ఎంత వదులుగా ఉందంటే, పెద్దగా తొందరపడకుండానే, మధ్యాహ్నం ఎండ బల్ల మీదికి వచ్చేసరికి అందరి పనీ ముగిసిపోయేది. ఇంకా చేద్దామంటే స్టోరు నుంచి గుడ్డ రాదు, ఆయన ఉత్తర్వు. ఇంటికి వెళ్దామంటే గేటు తెరవరు. అదీ ఆయన ఉత్తర్వే. కాబట్టి కూర్చునేవారు. యజమాని పొద్దున తప్ప ఫ్యాక్టరీలో ఉండడు. చూడడానికి మిగిలింది టిక్కుటిక్కు ఒక్కడే.

మొదటి మధ్యాహ్నమే మెరుపు తన ముక్కాలి పీటను ఈడ్చుకుంటూ వెళ్ళి, సరిగ్గా టిక్కుటిక్కు కూర్చునే గాజు గదికి ఎదురుగా వేసుకుంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఆయన ముఖంలోకి చూస్తూ కూర్చుంది.

ఆయన చూసీ చూడనట్టు కాగితాలు తిరగేశాడు. లేచాడు, కూర్చున్నాడు. చివరికి తలుపు తీశాడు.

"ఏం చేస్తున్నావ్?"

"టైం వేస్ట్ చేస్తున్నా సార్."

బల్ల మీద నవ్వు భళ్ళుమన్నది. ఆయన గొంతు తగ్గించాడు.

"నన్ను మోసం చేశావు."

"గడియారం మీదే, సంతకం మీదే. పెద్ద సార్ పక్కనే కూర్చున్నారు. కావాలంటే వెళ్ళి చెప్పండి, ముడులు వేసే ఆడది మీ కళ్ళెదుట మిమ్మల్ని మోసం చేసిందని."

ఆయన చెప్పలేదు. చెప్పలేడని ఆమె ఏడాది ముందే లెక్కగట్టింది. తలుపు వేసుకుని లోపల కూర్చున్నాడు. ఆయనకు ఇచ్చిన శిక్ష ఏమిటంటే, రోజూ మధ్యాహ్నం నుంచి సైరన్ దాకా, తన చేత్తో కొలిచి ఇచ్చిన తీరికను తన కళ్ళతో చూడడం. నేను న్యాయస్థానాల తీర్పులు చాలా చదివాను. ఇంత సరిగ్గా కొలిచి వేసిన శిక్ష వాటిలో కనబడలేదు.

మొదటి రోజుల్లో, ఖాళీ చేతులు ఒళ్ళో నిలిచేవి కావని మెరుపు అన్నది. వేళ్ళు పమిట కొంగుకు ముడులు వేసేవట. పగ కోసం వాటిని పట్టుకుని కూర్చుంది. కొన్నాళ్ళకు అవే కుదుటపడ్డాయి. ఆ తర్వాత ఒకరోజు సందులో ఎవరో ఈలవేస్తూ వెళుతుంటే, ఆ ఈల మొదటి నుంచి చివరి దాకా విన్నానని ఎంతో విడ్డూరంగా నాకు చెప్పింది. పుట్టాక ఏ పాటా అలా పూర్తిగా వినలేదట. "దీన్నా బావగారూ వాళ్ళు వృథా అనేది?" అని అడిగింది. నేను ఇన్ని పుస్తకాలు చదివి ఆ ప్రశ్న ఒక్కసారి కూడా సూటిగా అడగలేకపోయాను.

అయితే ఆమె లెక్క ఇంకా తీరలేదు. బల్లంతా మళ్ళీ ఆమె చుట్టూ చేరింది, చిలక ఆమె గిన్నెలోంచే తింటోంది. ఒక్క పీట మాత్రం ఖాళీ. పెద్దక్కను తిరిగి తీసుకోరు. ఉత్తరం అంటే ఉత్తరమే. కబురు పంపితే జవాబు రాలేదు. ఒక మధ్యాహ్నం మెరుపు ఊచలు వంచే పట్టకారు తీసుకుని, అందరూ చూస్తుండగా, గాజు గదిలోంచి ఆయనా చూస్తుండగా, కిటికీకి కొట్టిన మేకులు ఒక్కొక్కటే పీకింది. ఆయన సగం లేచి మళ్ళీ కూర్చున్నాడు. కిటికీ తెరిచి, మర్నాడు పెద్దక్క ఇంటికి చిలకను పంపింది, "కోడి సంగతి తేల్చకుండా పోతే బాగుండదు" అని చెప్పమని.

రెండు రోజులు రాలేదు. మూడోరోజు మధ్యాహ్నం సందులో చెప్పుల చప్పుడు ఆగింది. కిటికీ చట్రం మీద వాచిన వేళ్ళు కనబడ్డాయి. తర్వాత పెద్దక్క ముఖం. గదంతా ఒకసారి చూసింది. మూసి పేర్చిన గొడుగులను, ఖాళీ చేతులను, గాజు గదికి ఎదురుగా వేసిన పీటను చూసింది. మెరుపు లేచి నిలబడింది.

"ఎక్కడ ఆపానే?" అన్నది పెద్దక్క, చిలకతో.

"కోడి అటక ఎక్కింది, మీ అత్తగారు నిచ్చెన తీసేసింది."

"ఆఁ. తీసేసి, కింద పీట వేసుకుని కూర్చుంది, ఎలా దిగుతావో చూస్తానని." పెద్దక్క మెరుపు వైపు తిరిగింది. "నువ్వేమిటే అలా దిష్టిబొమ్మలా నిలబడ్డావు? ఆ పీట ఇటు తెచ్చుకో. వాడికి కనబడేటట్టే వేసుకో."

మెరుపు పీట తెచ్చి కిటికీ పక్కన, గాజు గదికి కనబడేటట్టే వేసుకుంది. పెద్దక్క చెయ్యి లోపలికి చాపి ఆమె భుజం మీద బరువంతా ఆనించింది.

"వాడు చూస్తున్నాడా?"

"చూస్తున్నాడు పెద్దక్కా."

"అయితే ఇంకాసేపు కూర్చుందాం."